జేబులో పట్టే లేజర్

చొక్కా చాటున దాచుకుని, ట్రిగ్గర్ నొక్కగానే ఎదుటివాణ్ణి మసి చేసే కిరణాల పిస్తోలు సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో పాతకాపే. దాని పెద్దన్నను చూడాలంటే హాలీవుడ్ దాకా అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీవో కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో లేజర్ కిరణంతో డ్రోన్లను కూల్చి చూపించింది. ఆ లేజర్ ఆయుధాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ‘చెస్’ ప్రయోగశాల. అయితే అది జేబులో పట్టేది కాదు, వాహనం మీద మోసుకెళ్లేది.

ఎందుకంత బండి? విచిత్రమేమంటే కొరత శక్తికి కాదు. పిస్తోలు తూటా సుమారు 500 జౌళ్ల శక్తితో దూసుకెళుతుంది. మీ ఫోన్ బ్యాటరీలో దాదాపు 70,000 జౌళ్లున్నాయి. చిక్కల్లా దాన్ని ఒక్క క్షణంలో బయటికి తీయడంలోనే. పైగా తూటా గుచ్చుకుని పని కానిస్తుంది, కిరణం కాల్చాలి. ఒంట్లోని ఒక్క గ్రాము నీటిని ఆవిరి చేయడానికే 2,500 జౌళ్లు కావాలి. మంచి లేజర్ అయినా తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. అంత వేడి పిడిలోనే పుడితే శత్రువు కన్నా ముందు పట్టుకున్నవాడి చెయ్యే కాలుతుంది!

కాబట్టి చంపే పిస్తోలు ఇప్పట్లో రాదు. కంటిచూపు తీసేది మాత్రం వచ్చేసింది. హిందూపురంలోనో ధర్మవరంలోనో జాతర అంగళ్ల ముందు పిల్లలు ఆకుపచ్చ గీతతో ఆడుతుంటారే, ఆ లేజర్ పాయింటరే అది. కంటిలోని కటకం ఆ వెలుగునంతా రెటీనా మీద సూదిమొనంత చోట కుప్పపోస్తుంది. అందుకే అమెరికాలో పాయింటర్లకు 5 మిల్లీవాట్లు హద్దుగా పెట్టుకున్నారు. అయితే పావు సెకనులో రెప్ప పడి కాపాడుతుందన్న భరోసా 1 మిల్లీవాటు లోపే.

ఆకుపచ్చ రకంలో మరో మెలిక ఉంది. చాలావాటిలో మొదట పుట్టేది పరారుణ కిరణమే. లోపలి స్ఫటికాలు దాని తరంగదైర్ఘ్యాన్ని 1,064 నానోమీటర్లకు మార్చి, అందులో సగమైన 532కి తెస్తాయి. అదే మనకు కనబడే ఆకుపచ్చ. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపే ఫిల్టరు చవక సరుకులో కొన్నిసార్లు ఉండదు. కనబడని వెలుగుకు రెప్ప పడదు కదా!

మరి చట్టం? 1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఏదో ఒక శక్తితో తూటా వంటిదాన్ని వదిలేది. కిరణంలో తూటా లేదు. కానీ దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారైన ఏ వస్తువైనా ఆయుధమేనని అదే చట్టం అంటుంది. బోధన కోసమని అమ్మే పాయింటర్ ఎటు వస్తుంది? నా లెక్కన ఇక్కడ చట్టానికి పదును తక్కువే. యుద్ధంలో శత్రువు కళ్లు శాశ్వతంగా పోగొట్టేలా రూపొందించిన లేజర్లను మాత్రం 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. ఇక విదేశాల నుంచి వచ్చే పాయింటర్ల సంగతి చూస్తే, పెనుకొండ దాటాక హైవే పక్కన పాలసముద్రంలో, 2024 జనవరిలో ప్రారంభమైన ‘నాసిన్’ అకాడమీలో కస్టమ్స్ అధికారులు శిక్షణ పొందుతున్నారు. విదేశీ పార్శిళ్లలో ఇలాంటి సరుకును పట్టాల్సింది వాళ్లే.

చట్టానికి పదును వచ్చేదాకా పని మనదే. లేబుల్ మీద మిల్లీవాట్లు చూడండి. 1 దాటినా, అసలు లేబులే లేకపోయినా పిల్లలకు కొనివ్వకండి. రెటీనా కాలితే నొప్పి తెలియదు. ఆడుకున్నాక చూపు మధ్యలో మచ్చ కనిపిస్తోందని పిల్లలంటే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.