డెక్కన్ ఛార్జర్స్

డెక్కన్ ఛార్జర్స్ ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) క్రికెట్ పోటీలలో హైదరాబాదు నగరానికి ప్రాతినిధ్యం వహించిన జట్టు. ఇది 2008 నుండి 2012 వరకు ఐదు సీజన్లలో ఆడింది. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన రెండవ సీజన్‌లో విజేతగా నిలిచింది. హైదరాబాదులోని డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ లిమిటెడ్ సంస్థ దీని యజమాని. ఆ సంస్థ అప్పుల పాలు కావడంతో భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) 2012 సెప్టెంబరులో జట్టు ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆటగాళ్ళపై పెట్టే ఖర్చుకు కఠినమైన పరిమితి ఉన్న లీగులో ఒక మాజీ విజేత జట్టు యజమాని అప్పుల వల్ల అదృశ్యం కావడం ఈ జట్టు చరిత్రలోని ప్రత్యేకత. క్రీడా జట్ల యాజమాన్యం, వ్యయ నియమాల గురించి తెలుసుకోగోరేవారికి ఇది మంచి ఉదాహరణ.

ఆవిర్భావం, యాజమాన్యం

ఐపీఎల్ జట్ల యాజమాన్య హక్కులను బీసీసీఐ 2008 జనవరి 24న వేలం ద్వారా కేటాయించింది. ఎనిమిది నగరాల హక్కులలో ముంబై (11.19 కోట్ల డాలర్లు), బెంగళూరు (11.16 కోట్ల డాలర్లు) తరువాత మూడవ అత్యధిక ధర హైదరాబాదుకు పలికింది. డెక్కన్ క్రానికల్ సంస్థ పదేళ్ళ కాలానికి 10.7 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఆంగ్ల దినపత్రిక డెక్కన్ క్రానికల్‌తో పాటు తెలుగు దినపత్రిక ఆంధ్రభూమి కూడా అప్పట్లో ఈ సంస్థకు చెందినవే.

అదే వేలంలో ఢిల్లీ జట్టును 8.4 కోట్ల డాలర్లకు దక్కించుకున్నది కూడా తెలుగువారి సంస్థే. ఉత్తరాంధ్రలోని రాజాంకు చెందిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ గ్రూపు ఆ జట్టు హక్కులు పొందింది. ఆ విధంగా ఎనిమిది జట్లలో రెండు తెలుగు పారిశ్రామిక వర్గాల చేతిలోకి వచ్చాయి.

హైదరాబాదు జట్టు హక్కుల రుసుము సగటున ఏడాదికి కోటి డాలర్లకు పైగా ఉండగా, ఆటగాళ్ళ కొనుగోలుకు అనుమతించిన గరిష్ట మొత్తం ఏడాదికి 50 లక్షల డాలర్లు మాత్రమే. అనగా యజమానిపై పడిన ప్రధాన భారం ఆటగాళ్ళ జీతాలది కాదు, హక్కుల రుసుముది. జట్టు తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ విషయం ముఖ్యం.

వ్యయ పరిమితి

ఐపీఎల్‌లో ప్రతి జట్టు ఆటగాళ్ళపై ఖర్చు చేయగల మొత్తానికి ఒక గరిష్ట పరిమితి ఉంటుంది. దీనిని వాడుకలో 'పర్సు' అంటారు. యజమాని ఎంతటి ధనవంతుడైనా ఈ పరిమితిని దాటరాదు. సంపన్న యజమాని మేటి ఆటగాళ్ళందరినీ కొనివేయకుండా, పోటీ సమతూకంగా ఉండేలా చూడడం దీని ఉద్దేశం. ప్రసార హక్కుల ఆదాయంలో అధిక భాగాన్ని జట్ల మధ్య పంచడం కూడా ఈ ఉద్దేశంతోనే జరిగింది.

2008 ఫిబ్రవరి 20న జరిగిన మొదటి ఆటగాళ్ళ వేలంలో డెక్కన్ ఛార్జర్స్ ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. ఆ వేలంలో విదేశీ ఆటగాళ్ళలో ఇదే అత్యధిక ధర. ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షల డాలర్లకు, రోహిత్ శర్మను 7.5 లక్షల డాలర్లకు తీసుకున్నది.

పరిమితి ప్రభావాన్ని తెలిపే చక్కని ఉదాహరణ వి.వి.ఎస్.లక్ష్మణ్‌ది. సచిన్ టెండూల్కర్, సౌరవ్ గంగూలీ వంటి కొందరు ఆటగాళ్ళకు సొంత నగరం తరఫున 'ఐకాన్' హోదా ఇచ్చారు. ఐకాన్ ఆటగానికి ఆ జట్టులో అత్యధిక ధర పొందిన ఆటగానికంటే 15 శాతం ఎక్కువ చెల్లించాలి. లక్ష్మణ్ ఈ హోదాను వదులుకుని 3.75 లక్షల డాలర్లకు జట్టులో చేరాడు. ఆయన ఐకాన్‌గా ఉండి, సైమండ్స్‌ను అదే ధరకు కొని ఉన్నట్లయితే లక్ష్మణ్‌కు సుమారు 15.5 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చేది. వీరిద్దరికే పర్సులో సగానికి పైగా ఖర్చయ్యేది. లక్ష్మణ్ త్యాగం వల్ల దాదాపు 12 లక్షల డాలర్లు ఇతర ఆటగాళ్ళ కోసం మిగిలాయి.

పరిమితిలోని లొసుగులు

ధనబలం ప్రభావాన్ని పరిమితి పూర్తిగా తొలగించలేకపోయింది. ఒక ఆటగాని కోసం రెండు జట్లు తమ పర్సు చివరి వరకు సమానంగా పాడితే, రహస్య టెండరు ద్వారా విజేతను నిర్ణయించే పద్ధతి ఉండేది. టెండరులో రాసిన అదనపు మొత్తం ఆటగానికి కాక బీసీసీఐకి చేరేది. అది పర్సు లెక్కలోకి రాదు. 2010 వేలంలో కీరన్ పొలార్డ్‌ను ముంబై, షేన్ బాండ్‌ను కోల్‌కతా ఈ పద్ధతిలోనే దక్కించుకున్నాయి. ఈ సందర్భాలలో పరిమితి ఉన్నప్పటికీ చివరకు గెలిచినది ఎక్కువ సొమ్ము పెట్టగల యజమానే.

2012 ఫిబ్రవరి 4న జరిగిన వేలంలో డెక్కన్ ఛార్జర్స్ కూడా ఇటువంటి పోటీలో పాల్గొన్నది. రవీంద్ర జడేజా కోసం చెన్నై సూపర్ కింగ్స్‌తో పోటీపడి, అనుమతించిన గరిష్ట మొత్తం 20 లక్షల డాలర్ల వరకు పాడింది. రహస్య టెండరులో చెన్నై నెగ్గింది. డెక్కన్ ఛార్జర్స్ ఆర్థిక సంక్షోభం ఆ తరువాత కొద్ది నెలలకే బయటపడింది.

ఆటలో ప్రతిభ

మొదటి సీజన్‌లో జట్టు 14 ఆటలలో రెండు మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో పూర్తిగా మారిపోయింది. సెమీఫైనల్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేయడంతో ఢిల్లీ జట్టుపై గెలిచింది. మే 24న జోహానెస్‌బర్గులో జరిగిన ఫైనల్‌లో రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించింది. టోర్నమెంటులో గిల్‌క్రిస్ట్ ఉత్తమ ఆటగానిగా, 23 వికెట్లు తీసిన ఆర్.పి.సింగ్ అత్యధిక వికెట్ల వీరునిగా ఎంపికయ్యారు. విశాఖపట్నానికి చెందిన వై.వేణుగోపాలరావు, హైదరాబాదు ఆటగాడు తిరుమలశెట్టి సుమన్ ఈ జట్టు సభ్యులు.

ఒక సంవత్సరం చివరి స్థానంలో ఉన్న జట్టు మరుసటి సంవత్సరం విజేత కావడం వ్యయ పరిమితి ఉన్న లీగులలోనే సులభంగా సాధ్యమవుతుంది. 2010లో జట్టు సెమీఫైనల్ చేరింది. తెలంగాణ ఉద్యమం కారణంగా ఆ ఏడాది సొంత ఆటలను నాగపూర్, కటక్, ముంబై నగరాలకు తరలించవలసి వచ్చింది. 2011 వేలానికి ముందు డెక్కన్ ఛార్జర్స్ తన పాత ఆటగాళ్ళలో ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. ఆ ఏడాది కుమార్ సంగక్కర నాయకత్వంలో పది జట్లలో 7వ స్థానం, 2012లో తొమ్మిది జట్లలో 8వ స్థానం పొందింది.

విశాఖపట్నంతో అనుబంధం

ఉక్కునగరంగా పేరొందిన విశాఖపట్నం 2012లో డెక్కన్ ఛార్జర్స్‌కు సొంత మైదానాలలో ఒకటి అయింది. పోతినమల్లయ్యపాలెంలోని ఏసీఏ-వీడీసీఏ స్టేడియం 2005 ఏప్రిల్ 5న జరిగిన భారత్-పాకిస్తాన్ వన్డేతో, అందులో మహేంద్రసింగ్ ధోని చేసిన 148 పరుగులతో ప్రసిద్ధి చెందింది. 2012 ఏప్రిల్ 9న ఇక్కడ డెక్కన్ ఛార్జర్స్, ముంబై ఇండియన్స్ తలపడ్డాయి. చివరి బంతికి సిక్సర్ కొట్టి ముంబైని గెలిపించినది రోహిత్ శర్మ. 2009లో డెక్కన్ ఛార్జర్స్ విజయంలో పాలుపంచుకున్న ఇతనిని 2011 వేలంలో ముంబై జట్టు 20 లక్షల డాలర్లకు కొనుక్కున్నది.

డెక్కన్ ఛార్జర్స్ రద్దయిన తరువాత కూడా నగరానికి ఐపీఎల్ ఆటలు వచ్చాయి. 2015లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కొన్ని ఆటలను ఇక్కడ ఆడింది. 2016లో మహారాష్ట్రలో కరువు కారణంగా ముంబై, పూణే జట్ల ఆటలు కొన్ని ఇక్కడికి తరలి వచ్చాయి. జీఎంఆర్ భాగస్వామిగా ఉన్న ఢిల్లీ క్యాపిటల్స్ 2024, 2025 సీజన్లలో కొన్ని ఆటలకు విశాఖను సొంత మైదానంగా ఎంచుకున్నది.

పతనం

డెక్కన్ క్రానికల్ సంస్థకు బ్యాంకుల వద్ద ఉన్న అప్పుల సంగతి 2012లో బయటపడింది. ఆటగాళ్ళకు అందవలసిన పారితోషికాలు సకాలంలో అందలేదు. జట్టు ఆర్థిక పరిస్థితి మాతృసంస్థ పరిస్థితితో ముడిపడి ఉండడమే దీనికి మూలం. మైదానంలో పరిమితికి లోబడి నడిచిన జట్టు, పరిమితి లేని యజమాని అప్పుల వల్ల దెబ్బతిన్నది.

లోపాలను సరిదిద్దుకోవడానికి 30 రోజుల గడువు ఇస్తూ బీసీసీఐ ఆగస్టు నెలలో నోటీసు ఇచ్చింది. సెప్టెంబరు 13న సంస్థ జట్టును వేలానికి పెట్టగా, పీవీపీ వెంచర్స్ నుండి 900 కోట్ల రూపాయల టెండరు ఒక్కటే వచ్చింది. దానిని సంస్థ తిరస్కరించింది. మరునాడు బీసీసీఐ ఒప్పందాన్ని రద్దు చేసింది. వివాదం బొంబాయి హైకోర్టుకు చేరింది. 100 కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇస్తే జట్టును నిలుపుకునే అవకాశం కల్పించినప్పటికీ, సంస్థ దానిని సమకూర్చలేకపోయింది. అక్టోబరులో రద్దు అమలులోకి వచ్చింది.

2012 అక్టోబరు 25న జరిగిన కొత్త వేలంలో హైదరాబాదు హక్కులను సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున పొందింది. కొత్త జట్టుకు సన్‌రైజర్స్ హైదరాబాద్ అని పేరు పెట్టారు. డేల్ స్టెయిన్, శిఖర్ ధావన్ తదితర పాత ఆటగాళ్ళు అందులో చేరారు. సన్‌రైజర్స్ 2016లో విజేత అయింది.

న్యాయవివాదం

రద్దును సవాలు చేస్తూ డెక్కన్ క్రానికల్ సంస్థ మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించింది. విశ్రాంత న్యాయమూర్తి సి.కె.ఠక్కర్ మధ్యవర్తిగా విచారణ జరిపారు. 30 రోజుల గడువు పూర్తికాకముందే ఒప్పందాన్ని రద్దు చేయడం చెల్లదని, సంస్థకు సుమారు 4,800 కోట్ల రూపాయలు, దానిపై వడ్డీ చెల్లించాలని 2020 జూలైలో తీర్పు ఇచ్చారు. బీసీసీఐ అభ్యర్థనపై బొంబాయి హైకోర్టు 2021 జూన్ 16న ఆ తీర్పును కొట్టివేసింది. ఈలోగా 2017లో డెక్కన్ క్రానికల్ సంస్థ దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్ళింది.

ఇతర ఐపీఎల్ జట్లు

యజమాని ఆర్థిక కారణాలతో తొలగిన జట్టు ఇదొక్కటే కాదు. 2010 మార్చి 21న జరిగిన వేలంలో పూణే హక్కులను సహారా సంస్థ 37 కోట్ల డాలర్లకు, కొచ్చి హక్కులను ఒక భాగస్వామ్య బృందం 33.33 కోట్ల డాలర్లకు కొన్నాయి. రెండేళ్ళ క్రితం ముంబైకి పలికిన ధరకు ఇవి దాదాపు మూడింతలు. కొచ్చి జట్టును బ్యాంకు గ్యారంటీ చెల్లించనందుకు 2011లోనూ, పూణే వారియర్స్‌ను 2013లోనూ రద్దు చేశారు. ఈ జట్లలో ఏదీ ఆటగాళ్ళ జీతాల భారం వల్ల కూలిపోలేదు.

ఐరోపా ఫుట్‌బాల్‌తో పోలిక

ఐరోపా ఫుట్‌బాల్‌లో నియమాలు వేరొక మార్గంలో ఏర్పడ్డాయి. అక్కడ చాలాకాలం ఆటగాళ్ళపై ఖర్చుకు ఎటువంటి పరిమితీ లేదు. 2003లో రష్యా సంపన్నుడు రోమన్ అబ్రమోవిచ్ చెల్సీ క్లబ్బును, 2008లో అబుధాబి రాజవంశీకుడు షేక్ మన్సూర్ మాంచెస్టర్ సిటీని, 2011లో ఖతార్ సంస్థ పారిస్ సాంజెర్మాన్‌ను కొన్నాక ఆటగాళ్ళ ధరలు విపరీతంగా పెరిగాయి. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు 22.2 కోట్ల యూరోలు చెల్లించింది. మరోవైపు 2010లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ క్లబ్బు అప్పుల పాలై, లీగు పట్టికలో 9 పాయింట్లు కోల్పోయింది.

దీనిని అరికట్టడానికి ఐరోపా ఫుట్‌బాల్ సంఘం 'ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే' నియమాలను ప్రవేశపెట్టింది. క్లబ్బు తన ఆదాయానికి లోబడి ఖర్చు చేయాలన్నది వీటి సారం. 2022లో వీటిని సవరించి, ఆటగాళ్ళు, శిక్షకులపై చేసే ఖర్చు ఆదాయంలో 70 శాతం మించరాదన్న నియమాన్ని దశలవారీగా తెచ్చారు. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో మూడేళ్ళ నష్టాల పరిమితిని దాటినందుకు ఎవర్టన్ క్లబ్బుకు 2023 నవంబరులో 10 పాయింట్ల కోత విధించి, అప్పీలులో దానిని 6కు తగ్గించారు.

ఈ నియమాల ప్రభావానికి గురైన యజమానులలో తెలుగు మూలాలు గలవారూ ఉన్నారు. కోళ్ళ పరిశ్రమలో ప్రముఖుడు, తెలుగువాడైన బి.వి.రావు స్థాపించిన వెంకీస్ (పూణే) సంస్థ 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బును కొన్నది. ఆ క్లబ్బు 2012లో ప్రీమియర్ లీగు నుండి దిగువ శ్రేణికి పడిపోయింది. నష్టాల పరిమితిని దాటినందుకు 2014 డిసెంబరులో ఆటగాళ్ళ కొనుగోలుపై నిషేధానికి గురయింది.

రెండు పద్ధతుల మధ్య భేదం ఇది: ఐపీఎల్‌లో అన్ని జట్లకు ఒకే స్థిరమైన పరిమితి ఉంటుంది, ఐరోపాలో పరిమితి ఆయా క్లబ్బుల ఆదాయాన్ని బట్టి మారుతుంది. అందువల్ల ఐపీఎల్ పద్ధతి సమానత్వాన్ని కాపాడుతుంది గాని, యజమాని అప్పులను పట్టించుకోదు. ఐరోపా పద్ధతి క్లబ్బు జమాఖర్చులను పరిశీలిస్తుంది గాని, ఇప్పటికే ఎక్కువ ఆదాయం గల పెద్ద క్లబ్బులకు మేలు చేస్తుందన్న విమర్శ ఉన్నది. ఐపీఎల్‌లో దిగువ శ్రేణికి పడిపోయే భయం లేనందున, గెలుపు కోసం అప్పుచేసి ఖర్చుపెట్టవలసిన ఒత్తిడి తక్కువ.

పరిమితి పెరుగుదల

2008లో 50 లక్షల డాలర్లు, అనగా అప్పటి విలువలో సుమారు 20 కోట్ల రూపాయలుగా ఉన్న పర్సు 2011లో 90 లక్షల డాలర్లకు పెరిగింది. 2014లో 60 కోట్లు, 2018లో 80 కోట్లు, 2022లో 90 కోట్లు, 2025 సీజన్‌కు 120 కోట్ల రూపాయలుగా నిర్ణయించారు. 2024 నవంబరులో జరిగిన వేలంలో రిషభ్ పంత్ 27 కోట్ల రూపాయలు పలికాడు. మొదటి సీజన్‌లో ఒక జట్టు మొత్తానికి అనుమతించిన ఖర్చుకంటే ఇది ఎక్కువ.

ఇవి కూడా చూడండి

సన్‌రైజర్స్ హైదరాబాద్
ఇండియన్ ప్రీమియర్ లీగ్
వి.వి.ఎస్.లక్ష్మణ్
విశాఖపట్నం