మెరుగు కావాలి, తరుగు రాకూడదు!

“బంగారానికి మెరుగు పెడతామమ్మా!” అంటూ మగవాళ్ళు పనులకు వెళ్ళిన వేళ ఎవరైనా గుమ్మంలోకి వచ్చారా? మా రావికమతంలోనైనా, చోడవరంలోనైనా, విశాఖలోనైనా సరే, ఒంటిమీది గొలుసు తీసి ఇవ్వకండి. ఆ గిన్నెలో ఉండేది ఒట్టి సబ్బునీళ్ళు కాకపోవచ్చు. నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావకం బంగారాన్ని కరిగించేస్తుంది. గొలుసు తళతళలాడుతూ చేతికొస్తుంది, తూకం మాత్రం తగ్గుతుంది. కరిగిన బంగారం గిన్నెతో పాటే వెళ్ళిపోతుంది. ఈ పని మనమే చేసుకుంటే సరి కదూ!

బంగారం: రాళ్ళు లేని గొలుసులకు, గాజులకు పట్టేది చెమట, పసుపు, నూనె జిడ్డే. నాలుగు కుంకుడుకాయలు గింజ తీసి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిసికి వడకట్టండి. కుంకుళ్ళు లేకపోతే రెండు చుక్కల షాంపూ చాలు. నగల్ని అందులో పావుగంట ఉంచి, మెత్తటి బ్రష్షుతో సందుల్లో రుద్దండి. కుళాయి కింద కాదు, వెడల్పు పళ్ళెంలో కడగండి. సీల ఊడినా దొరుకుతుంది. పళ్ళపొడి, టూత్‌పేస్టు వాడితే గీతలు పడతాయి. బ్లీచింగ్ పౌడరుతో పని చేసేటప్పుడు ఉంగరాలు తీసేయండి. పగిలిన థర్మామీటరులోని పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది. అది రుద్దితే పోదు. కంసాలికి ఇచ్చేటప్పుడు పాదరసం సంగతి ముందే చెప్పండి. కాలిస్తే వచ్చే ఆవిరి విషం.

రాళ్ళ నగలు: లక్క నింపినవీ, రాళ్ళు అంటించినవీ నానబెట్టకండి. వేడికి లక్క మెత్తబడి రాళ్ళు ఊడతాయి. పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. పచ్చలకు చాలావరకు నూనె పట్టించి ఉంటారు. వేడినీళ్ళు తగిలితే ఆ నూనె పోయి పగుళ్ళు బయటపడతాయి.

ముత్యాలు, పగడాలు: ఇవి సున్నపు జాతివి. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ వీటిని తినేస్తాయి. సెంటు, పౌడరు పూసుకున్నాకే దండ వేసుకోండి. తీశాక తడిగుడ్డతో తుడిచి, పరిచి ఆరబెట్టండి. వేలాడదీస్తే తడి దారం సాగుతుంది.

వెండి: పట్టీలు, మెట్టెలు నల్లబడేది గంధకం వల్ల. గిన్నెలో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు పరిచి, పట్టీలు దానికి ఆనేలా పెట్టండి. లీటరు వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయండి. కాసేపటికి నలుపు వదులుతుంది. రాళ్ళున్నవాటికి, కావాలని నల్లరంగు వేయించినవాటికి ఇది పనికిరాదు.

గిల్టు నగలు, ఏటికొప్పాక లక్కగాజులు: వీటికి నీళ్ళే వద్దు. పొడిగుడ్డతో తుడిచి విడివిడిగా దాచండి.

శుభ్రం చేసినప్పుడల్లా పుస్తెలతాడు కొక్కెం, కమ్మల సీలలు లాగి చూడండి. వదులైతే తెలిసిన కంసాలి దగ్గరకే వెళ్ళండి. మీ ఎదురుగా తూకం వేయించి, గ్రాములు, మిల్లీగ్రాములు చీటీ మీద రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు మళ్ళీ తూయించండి. మొహమాటం అక్కర్లేదు. ఆపదలో బ్యాంకులో పెట్టుకుని అప్పు తెచ్చుకునేది ఆ సొమ్ములతోనే కదా!