మాటలు లేని ముఖపత్రము

సంగీతపత్రికకు ముఖచిత్రము కూర్చువానికి ఒక చిక్కున్నది. కథల పత్రికవారు కథానాయికను వేయవచ్చును. వార్తల పత్రికవారు వార్తలోని మనిషిని వేయవచ్చును. పాట కంటికి కనబడదు. కావున అతడు పాడినవాని ముఖమును వేసి, చుట్టును శీర్షికలు కుమ్మరించి, అంగడిలో వ్రేలాడు పది పత్రికల నడుమ తన పత్రిక కేక వేయునట్లు చేయును. అమ్మకపు ధర్మమది, తప్పు పట్టనక్కరలేదు. అయితే ఆ ధర్మమును విడిచి గెలిచిన అట్ట ఒకటి ఉన్నది. చిత్రకళాభ్యాసము చేయు యువకులు నేడు ప్రేరణ కొరకని విదేశపత్రికల అట్టలను ఫోనులలో కుప్పలుగా దాచుకొనుచున్నారు. వారు తొలుత పరిశీలింపదగినది ఇదియని నా అభిప్రాయము.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునుండి 1967 నవంబరు 9వ తేదీతో ‘రోలింగ్ స్టోన్’ తొలి సంచిక వెలువడినది. వంపులు తిరిగిన దాని నామాక్షరములను రూపించినవాడు రిక్ గ్రిఫిన్ అను పోస్టరు చిత్రకారుడు. ఆ అట్టపై బీటిల్స్ బృందములోని జాన్ లెన్నన్, రిచర్డ్ లెస్టర్ తీసిన ఒక చలనచిత్రములోని సిపాయి వేషమున, శిరస్త్రాణముతో, గుండ్రని కళ్ళజోడుతో కనబడును. 1971 జనవరి 21 సంచికపై మరల లెన్ననే. ఈసారి వేషము లేదు, నలుపు తెలుపులలో ముఖము మాత్రమే. ఆ ఫోటో తీసినది అప్పటికి 21 ఏండ్ల ఆనీ లీబోవిట్జ్.

పదేండ్లు గడచినవి. 1980 డిసెంబరు 8న ఆమెయే న్యూయార్కులోని డకోటా భవనమునకు, లెన్నన్ ఇంటికి వెళ్ళినది. పత్రికవారు కోరినది లెన్నన్ ఒక్కని చిత్రము. భార్య యోకో ఓనో లేనిదే అతడొప్పుకొనలేదు. అంతకు మూడు వారములకు ముందు విడుదలయైన ఆ దంపతుల ‘డబుల్ ఫాంటసీ’ రికార్డు అట్టపై కిషిన్ షినోయామా తీసిన ముద్దుచిత్రమున్నది. లీబోవిట్జ్ మనస్సును పట్టినది అదియే. ఇరువురును వివస్త్రులుగా ఉండవలెనని ఆమె తొలుత తలచినది. ఓనో అంతకు సుముఖముగా లేకపోగా, అన్ని దుస్తులును అట్లే ఉండనిమ్మన్నది. ఆ చిన్న సర్దుబాటే చిత్రమునకు ప్రాణమైనది. ఆమె నిండుగా దుస్తులు ధరించి, నల్లని కేశములు పరచుకొని, నేలపై పరుండి ఉన్నది. అతడు నగ్నుడై, శిశువువలె ముడుచుకొని, ఆమెను అల్లుకొని చెక్కిలిని ముద్దాడుచున్నాడు. ఆమె చూపు మాత్రము అతనిపై లేదు, ఎటో ఉన్నది.

ఆ రాత్రియే, ఆ భవనము ముంగిటనే, లెన్నన్ తుపాకి గుండ్లకు బలియైనాడు.

చిత్రము 1981 జనవరి 22 సంచికకు ముఖపత్రమైనది. పత్రిక పేరును, తేదీ మొదలైన చిన్న అక్షరములను విడిచినచో దానిపై మాట లేదు. మృతుని పేరైనను లేదు. అట్టి సమయమున పెద్ద అక్షరములతో ఒక శోకవాక్యము వేయవలెనను తహతహ ఎంత బలమైనదో పత్రికలతో పరిచయమున్నవారికి తెలియును. వేసియుండిన యెడల చిత్రము ఆ వాక్యమునకు ఉదాహరణముగా దిగిపోయి ఉండెడిది. వ్యంగ్యార్థము ప్రకరణమును బట్టి మారునని మన ఆలంకారికులు చెప్పుదురు గదా! తీసిన పూట ఆ చిత్రమున ఉన్నది దాంపత్యము. అట్టకెక్కు నాటికి అందు కనబడినది వీడ్కోలు. ఒక్క గీత మారలేదు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘము గడచిన 40 ఏండ్ల అట్టలలో దీనికే ప్రథమస్థానమిచ్చినది.

ఇట్టిదానిని చూచి ఏమి నేర్చుకొనవలెను? ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము చతుర్థోద్ద్యోతమున కావ్యముల నడుమ పోలికను మూడు తెరగులుగా విభజించినాడు: అద్దములోని ప్రతిబింబము వంటిది, చిత్తరువు వంటిది, ఒకరిని పోలిన మరియొక మనిషి వంటిది. మొదటి రెండును విడువదగినవి. మూడవది విడువనక్కరలేదు, దాని ప్రాణము దానికున్నది గనుక. ముద్దుచిత్రమునుండి లీబోవిట్జ్ గ్రహించినది ఈ మూడవ తెరగు. ఆమె చిత్రములోని భంగిమను పరిహాసమునకై మక్కికి మక్కిగా దింపినవారు తరువాత ఎందరో ఉన్నారు; వారిది మొదటి తెరగు. ఆ అట్టలు చూచి నవ్వవచ్చును, అంతే.

మన వైపు ఎవరైన అన్నమాచార్య సంగీతసంచిక తలపెట్టినారనుకొందము. అలవాటు చొప్పున తంబుర చేతబట్టిన భక్తుని బొమ్మయు, వెనుక ఏడుకొండలును, పైన నాలుగు వర్ణముల శీర్షికయు తయారగును. లెన్నన్ అట్టపై మాటలు తీసివేసినారు గదా యని ఆ శీర్షికను మాత్రము తొలగించి సంతృప్తిపడుటయు అనుకరణమే. అచట మాట అక్కరలేకపోవుటకు కారణము ఆ ముఖము లోకమెల్ల ఎరిగినదగుట. అన్నమయ్యకు ఫోటో లేదు. ఆయనకున్నవి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములో శతాబ్దములు మరుగుపడి, 1922 ప్రాంతమున వెలుగుచూచిన రాగిరేకులు. ఆ రేకులలో ఒకదానిని, గీసిన అక్షరములపై వెలుగు ప్రక్కవాటుగా పడునట్లు ఫోటో తీసి, అట్ట నిండ పరచినచో అక్షరములే ఆయన ముఖమగును. వేరు శీర్షికతో పనిలేదు. పత్రిక పేరు ఎచట ఇముడ్చవలెనన్నది మరియొక చిక్కు. రాగిరంగుపై నల్లసిరా తేటగా కనబడదని ముద్రాపకుడు మొదటనే హెచ్చరించును.