రైలుకట్ట ఎందుకంత చదును?

ఇంగ్లండులో కూతురింటికి వెళ్లొచ్చిన ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. డెర్బీషైర్ కొండల్లో పాత రైలు పట్టాలు తీసేసి కాలిబాటగా మార్చిన ‘హై పీక్ ట్రైల్’ మీద మనవణ్ణి తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని, మోకాళ్ల నొప్పులున్నా హాయిగా నడిచారట. ‘చుట్టూ కొండలే, దారి మాత్రం చదును. మరి మిడిల్టన్ దగ్గర ఉన్నట్టుండి అంత ఏటవాలు ఎందుకొచ్చింది?’ అని అడిగారు. ఇంత చక్కటి ప్రశ్న వస్తే వదలడం ఎలా?

ఆ బాట సుమారు 27 కిలోమీటర్లు. రైలుమార్గం 1830-31లో మొదలై 1967లో మూతపడింది. 1971లో కాలిబాట అయింది. చరిత్ర ఇంతే చాలు. అసలు విషయం చక్రం కింద ఉంది.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం ఆనే చోటు చిన్న నాణెమంత. ఆ కాస్త చోట రెండూ దాదాపు నలగవు, అందుకే దొర్లడానికి అడ్డు చాలా తక్కువ. చదునైన పట్టా మీద టన్ను బరువును కదుపుతూ ఉండడానికి సుమారు 2 కిలోల బలం చాలు. ఇక్కడే తిరకాసు. 100 మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగితే ప్రతి టన్నుకూ మరో 10 కిలోల బలం కావాలి. అంటే ఇంజనుకు పని ఆరింతలవుతుంది! మన కాళ్లకు ఆ వాలు తెలియను కూడా తెలియదు. దొర్లడం అంత సులువు కాబట్టే, దానితో పోలిస్తే రైలుకు ఎక్కడం అంత కష్టం. అందుకే రైలు ఇంజనీర్లు గుట్టను తొలిచారు, పల్లంలో కట్ట పోశారు. ఆ చాకిరీ ఫలమే ఇవాళ తోపుడుబండికి దక్కింది.

ఇక పట్టు సంగతి. ఇంజను ఎంత బలంగా లాగినా చక్రం జారితే ఏం లాభం? తొలినాటి మేధావులకు ఈ భయం బాగా పట్టుకుంది. 1804లోనే ట్రెవిథిక్ నున్నటి చక్రాలతో ఇంజను నడిపి చూపించినా, 1811లో బ్లెంకిన్‌సాప్ పట్టా పక్కన పళ్లు పెట్టించి పళ్లచక్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1813లో బ్రంటన్ మరీ ముందుకెళ్లి, వెనకనుంచి రెండు ఇనుపకాళ్లతో నేలను తన్నుకుంటూ నడిచే ఇంజను చేశాడు! 1815లో దాని బాయిలరు పేలి జనం చనిపోయారు. ఈ గొడవను తేల్చింది హెడ్లీ అనే ఆయన. వైలామ్ బొగ్గుగని దగ్గర ఒక బండి మీద మనుషుల్ని నిలబెట్టి, చేతులతో చక్రాలు తిప్పించి, బరువులు మారుస్తూ, ఎన్ని వ్యాగన్లు తగిలిస్తే చక్రం జారుతుందో కొలిచాడు. బరువు తగినంత ఉంటే నున్నటి చక్రమే చాలని తేలింది. ఎంత అందమైన ప్రయోగం!

లెక్క చూడండి. పట్టు బరువులో అయిదో వంతు అనుకుంటే, 30 టన్నుల ఇంజను 6 టన్నుల బలంతో లాగగలదు. పట్టు ఒక్కటే చూస్తే చదునులో అది దాదాపు 3000 టన్నులకు సరిపోతుంది. 14 మీటర్లకు ఒక మీటరు లేచే వాలులో మాత్రం తన బరువు పోగా 50 టన్నులు లాగితే గొప్ప. మన హై పీక్ మార్గంలోనే హాప్టన్ దగ్గర సరిగ్గా అంత వాలుంది. ఇంజను దూరంనుంచి వేగమందుకుని వచ్చేది. ఒక్కోసారి సగంలో ఆగిపోయి, వెనక్కొచ్చి, వ్యాగన్లు విడదీసుకుని మళ్లీ ఎక్కేది.

మిడిల్టన్ వాలు అంతకన్నా ఘోరం, సుమారు 8 మీటర్లకు ఒకటి. ఇంజనీరు జోసియాస్ జెస్సప్ ఈ మార్గాన్ని లాకులున్న కాలువలా ఆలోచించాడు: పొడుగాటి చదును, తర్వాత ఒక్కసారిగా ఏటవాలు. ఆ ఏటవాలులో వ్యాగన్లను లాగింది పైన స్థిరంగా బిగించిన ఆవిరియంత్రం, దాని తాడు. 1829 నాటి ఆ యంత్రం ఇంకా అక్కడే ఉంది. అమ్మా, మీకు ఎదురైన ఏటవాలు ఆ తాడుదారే.

బ్లెంకిన్‌సాప్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. చదునులో అక్కర్లేని పళ్లపట్టాయే కొండల్లో పనికొచ్చింది. ఊటీ రైలు బాగా ఏటవాలుగా ఉన్న చోట ఎక్కేది పళ్లపట్టా సాయంతోనే.

ఉపయోగం సంగతి అడుగుతారా? పిల్లలూ పెద్దలూ ఆయాసం లేకుండా కలిసి నడిచే దారిని కొత్తగా వేయాలంటే కోట్లు పోయాలి. పాత కట్ట మీద ఆ ఖర్చు ఎవరో ఎప్పుడో పెట్టేశారు. మీ ఊరి పక్కన రైళ్లు మానేసిన కట్ట ఉంటే, మట్టి కోసం తవ్వేయకముందే పంచాయతీలో కాలిబాట మాట ఎత్తండి.