మీకు తెలుసా? ఎక్సెల్ గడిలో నంద్యాల

నంద్యాల ఎస్టీడీ కోడు 08514. ఎక్సెల్ తెరిచి ఒక గడిలో ఈ అయిదంకెలూ కొట్టి ఎంటర్ నొక్కండి. 8514 అని మాత్రమే కనబడుతుంది. ముందున్న సున్నా పోయింది. అంకెలు కనిపిస్తే చాలు, అది కూడికలకు, గుణకారాలకు పనికొచ్చే సంఖ్యేనని ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్ నమ్ముతుంది. సంఖ్యకు ముందుండే సున్నాకు విలువ లేదు కాబట్టి తీసేస్తుంది.

గడిని సెల్ అంటారు. నిలువు వరుస కాలమ్, అడ్డు వరుస రో. కాలమ్‌కు అక్షరం, రోకు అంకె. మూడో కాలమూ అయిదో రోవూ కలిసేచోటు సి5. అది ఆ సెల్ చిరునామా. షీట్లన్నీ కలిపి దాచుకునే ఫైలు వర్క్‌బుక్. షీటుకు పైన ఉండే పొడవాటి పట్టీ ఫార్ములా బార్. ఈ మాటలు ఒక్కపూటలో వచ్చేస్తాయి. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన మాట ఫార్మాట్. మనం రాసినదాన్ని స్ప్రెడ్‌షీట్ ఏమనుకుంది, సంఖ్యనా, తేదీనా, ఉత్త అక్షరాలా అన్నది తేలేది అక్కడే. ఊళ్లలో కంప్యూటర్ ముందు కూర్చుని జాబితాలు ఎక్కించే పిల్లలకు మొదటిరోజే నేర్పాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

మన ఇంటి నంబర్లే చూడండి. 4-12 అని కొడితే ఎక్సెల్ దాన్ని డిసెంబరు 4గా మార్చేస్తుంది. కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి పెట్టి ఉంటే ఏప్రిల్ 12 అవుతుంది. పొలం సర్వే నంబరు 12/3 మార్చి 12 అయిపోతుంది. తర్వాత చూసుకుని ఫార్మాట్ మార్చబోతే 4-12 తిరిగి రాదు, సంబంధం లేని అయిదంకెల సంఖ్య ఒకటి వస్తుంది. అందుకే రాయకముందే కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి. ఒకటి రెండు సెల్స్ అయితే ముందు ఒంటి కొటేషన్ గుర్తు కొట్టి రాసినా చాలు. ఎస్టీడీ కోడుకూ ఇదే మందు.

ఈ తిప్పలు జన్యుశాస్త్రవేత్తలకూ తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ పదేపదే తేదీలుగా మారుస్తుండడంతో, మనుషుల జన్యువులకు పేర్లు ఖరారు చేసే సంఘం 2020లో ఆ పేర్లనే మార్చింది. ఇప్పుడవి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1. వాళ్ల జన్యువులకు కొత్త పేర్లు పెట్టుకున్నారు గానీ మన ఇంటి నంబర్లను మార్చుకోలేం కదా!

ఇంటి నంబరు బదులు వచ్చిన ఆ అయిదంకెల సంఖ్య ఎక్కడిదంటే, ఎక్సెల్ లోపల తేదీలన్నీ రోజుల లెక్కే. 1900 జనవరి 1 ఒకటో రోజు. నంద్యాల జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ 4ను ఒక సెల్‌లో రాసి ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి, 44655 కనబడుతుంది. అందుకే ఒక తేదీలోంచి మరో తేదీ తీసేస్తే మధ్య ఎన్ని రోజులో వచ్చేస్తుంది. ఇందులో ఒక పాత తప్పు కూడా దాగి ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఎక్సెల్‌లో ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉంటుంది. అంతకుముందు రాజ్యమేలిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌లో ఆ పొరపాటు ఉంది. ఆ ఫైళ్లు ఇందులోనూ సరిగ్గా నడవాలని అలాగే ఉంచారు.

మరి 1900కు ముందు తేదీలు? బ్రిటిషువాళ్లపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసిన 1847 ఫిబ్రవరి 22ను రాస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించదు, అక్షరాలుగా ఉంచేస్తుంది. ఊరి చరిత్ర రాసుకునేవాళ్లు ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ వాడుకోవచ్చు, దానికి పాత తేదీలూ తెలుసు.

స్ప్రెడ్‌షీట్ మనసులో ఏముందో కనిపెట్టడానికి తేలికైన గుర్తు ఒకటుంది. మనం సర్దకుండా వదిలేస్తే సంఖ్యలు, తేదీలు సెల్‌లో కుడివైపుకు జరుగుతాయి, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి. తేదీల కాలమ్‌లో ఒకటి ఎడమకు కనబడిందా, దాన్ని తేదీగా లెక్కించలేదన్నమాట. #### గుర్తులు కనబడితే మాత్రం కంగారు వద్దు. చాలాసార్లు కాలమ్ ఇరుకైంది, అంతే.

ఆధార్ నంబరు 12 అంకెలు. మామూలు సెల్‌లో కొడితే మధ్యలో ఇ అక్షరమూ కూడిక గుర్తూ ఉన్న వింత సంఖ్య కనబడుతుంది. అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి. 16 అంకెల ఖాతా నంబరైతే భద్రం లేదు: ఎక్సెల్ 15 అంకెల వరకే పట్టుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది, ఇక ఎవరూ వెనక్కి తేలేరు. ఆ సున్నాతో డబ్బు ఎటో పోవచ్చు. ఇదీ టెక్స్ట్ ఫార్మాట్‌లో రాయాల్సిందే.

ఇప్పుడు పొలం విస్తీర్ణం. మన దగ్గర ఎకరానికి వంద సెంట్లు కాబట్టి దశాంశంలో రాయడం సుఖం. రెండెకరాల అయిదు సెంట్లు 2.05, ఎకరా నలభై సెంట్లు 1.40, కలిపితే 3.45. అయితే తొందరలో 2.05కు బదులు 2.5 అని కొడితే 45 సెంట్లు పెరిగినట్టే. ఎక్సెల్ కూడా 1.40ను 1.4 అని కుదించి చూపిస్తుంది, చదివేవాళ్లు నాలుగు సెంట్లనుకునే ప్రమాదం ఉంది. దశాంశ స్థానాలు రెండని ఫార్మాట్‌లో చెప్పేయాలి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అక్కడ ఎకరా ఇరవై గుంటలను 1.20 అని రాసి, అలాంటివి రెండు కూడితే షీటు 2.40 అంటుంది. నిజానికి అది మూడెకరాలు.

ఆళ్లగడ్డ శిల్పుల కొలతల్లోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. అయిదడుగుల ఆరంగుళాల విగ్రహాన్ని 5.6 అని రాయడం అలవాటైతే, రెండు విగ్రహాల ఎత్తు 11.2 వస్తుంది. అసలు ఎత్తు సరిగ్గా 11 అడుగులు. ఆ 5.6తోనే రాయి ఘనపుటడుగులు కట్టి ధర చెబితే తేడా రూపాయల్లో తేలుతుంది. అడుగులకు ఒక కాలమ్, అంగుళాలకు ఒక కాలమ్ పెట్టుకోవడం మంచిది. అంగుళాలను 12తో భాగించి అడుగులకు కలిపే పని మూడో కాలమ్‌లోని ఫార్ములా చూసుకుంటుంది.

ఫార్ములా ఏదైనా సమానం గుర్తుతో మొదలవుతుంది. నంద్యాల వడ్ల వ్యాపారి బస్తాల సంఖ్యలు సి కాలమ్‌లో, బస్తా ధర ఒక్కటే ఇ1లో పెట్టుకున్నాడనుకోండి. మొదటి రైతు దగ్గర సి2ను ఇ1తో గుణించి, ఆ సెల్ మూలనున్న చిన్న చదరాన్ని కిందికి లాగితే, రెండో రైతుకు సి3, ఇ2 తీసుకుంటుంది. ఇ2 ఖాళీ, కాబట్టి డబ్బు సున్నా! చిరునామా కదలకుండా ఉండాలంటే అక్షరం ముందూ అంకె ముందూ డాలర్ గుర్తు పెట్టాలి: $ఇ$1. రాస్తూ ఎఫ్4 మీట నొక్కితే రెండూ పడతాయి. ఇలా బిగించిన చిరునామాను యాబ్సల్యూట్ రిఫరెన్స్ అంటారు, జరిగేది రిలేటివ్.

ఒక షీటులో రోలు 10,48,576. కాలమ్‌లు 16,384, చివరిదాని పేరు ఎక్స్‌ఎఫ్‌డి. నంద్యాల జిల్లా జనాభా 2011 లెక్కల్లో సుమారు 17.8 లక్షలు, మనిషికో రో ఇస్తే ఒక్క షీటు చాలదు. 2007కు ముందటి ఎక్సెల్‌లో రోలు 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థవాళ్లు ఆ పాత రకం ఫైలు వాడడంతో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సమయానికి లెక్కలో చేరలేదు. ఆ రోగులను కలిసినవాళ్లకు హెచ్చరికలు ఆలస్యమయ్యాయి.

తెలుగులో రాసిన పేర్లను కూడా స్ప్రెడ్‌షీట్ వర్ణమాల వరుసలో పేరుస్తుంది, యూనికోడ్‌లో రాసి ఉంటే. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల గుళ్ల పేర్లు రాసి సార్ట్ నొక్కితే కృష్ణనంది ముందొస్తుంది, తర్వాత గరుడనంది, నాగనంది, ప్రథమనంది, మహానంది, వినాయకనంది, శివనంది, సూర్యనంది, చివర సోమనంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేర్లకు ఇది కుదరదు, వాటిలో లోపలున్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. పక్క కాలమ్‌లో ఒక్కో గుడికీ నంద్యాల నుంచి దూరం రాసుకుని ఉంటే, పేర్ల కాలమ్ ఒక్కదాన్నే ఎంచుకుని సార్ట్ చేయకండి. పేర్లు కదిలి దూరాలు ఉన్నచోటే ఉండిపోతాయి. అలా చేయబోతే ముందు ఎక్సెల్ ఒక ప్రశ్న అడుగుతుంది, పక్క కాలమ్‌లనూ కలుపుకోమంటారా అని. కలుపుకోమనండి. ఆ ప్రశ్న చదవకుండా దాటేసి ఉంటే, ఫైలు మూసేలోగా కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కండి.