శ్రుతి: వినడంలోనే ఉంది అర్థం



'ఆ ఇద్దరికీ శ్రుతి కలవలేదు', 'వాడి అల్లరి శ్రుతి మించింది' అనే మాటలు మీరు వినే ఉంటారు. పాట రానివారు కూడా తరచుగా వాడే ఈ శ్రుతి అంటే ఏమిటో పరిశీలిద్దాం.

సంస్కృతంలో 'శ్రు' ధాతువుకు వినడం అని అర్థం. శ్రోత, శ్రవణం అనే మాటలు కూడా దీని నుంచే వచ్చాయి. కాబట్టి 'శృతి' అని రాయడం తప్పు, 'శ్రుతి' అన్నదే సరైన రూపం. గురుముఖతః విని నేర్చుకునేవి కనుక వేదాలకూ శ్రుతులని పేరు.

సంగీతంలో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది, చెవి గుర్తించగల సూక్ష్మమైన స్వరభేదం. నాట్యశాస్త్రం ఒక స్థాయిలో 22 శ్రుతులను చెప్పింది. రెండవది, గాయకులు తమ గొంతుకు అనువుగా ఎంచుకునే ఆధార షడ్జమం. 'ఒకటిన్నర శ్రుతి' అంటే హార్మోనియంలో మొదటి, రెండవ తెల్లమెట్ల మధ్యనున్న నల్లమెట్టు అని అర్థం.

మరి శ్రుతి కలిసిందని ఎలా తెలుస్తుంది? తంబురాలో మధ్యనున్న రెండు తీగలనూ ఒకే షడ్జమానికి బిగిస్తారు. ఒకటి సెకనుకు 140 సార్లు, మరొకటి 143 సార్లు కంపిస్తున్నాయనుకోండి. అప్పుడు ధ్వని సెకనుకు 3 సార్లు హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది. వీటినే భౌతికశాస్త్రంలో విస్పందనాలు అంటారు. తీగ కింది పూసను మెల్లగా జరిపితే ఈ హెచ్చుతగ్గులు నెమ్మదించి, చివరకు మాయమవుతాయి. నాదం నిలకడగా వినిపిస్తుంది. అదే శ్రుతి కలవడం!

ఇప్పుడు నిత్యవ్యవహారంలోకి వద్దాం. ఒకరి అభిప్రాయానికి మరొకరు వంత పాడితే 'శ్రుతి కలిపాడు' అంటాం. వేళాకోళం హద్దు దాటితే 'శ్రుతి మించి రాగాన పడింది' అంటాం. ఉత్సవంలో ప్రమాదం జరిగితే పత్రికలు 'అపశ్రుతి' అని రాస్తాయి. ఈ మూడింటిలోనూ ఆధార స్వరంతో కలవడం, దాని నుంచి తప్పిపోవడం అన్న భావమే ఉంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకేరకమైన రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదానిలో కొద్దిగా నీరు పోయండి. మీరు, మీ మిత్రుడు వాటి మూతుల అంచున ఒకేసారి ఊదండి. రెండవ సీసాలో నీటిని కొంచెం కొంచెంగా పెంచుతూ మళ్ళీ మళ్ళీ ఊదండి. రెండు ధ్వనులూ దగ్గరయ్యేకొద్దీ విస్పందనాలు వినిపిస్తాయి, పూర్తిగా కలిసినప్పుడు ఆగిపోతాయి. గట్టిగా ఊదినంత మాత్రాన శ్రుతి కలవదని, ఎదుటి ధ్వనిని వింటూ సరిచేసుకుంటేనే కలుస్తుందని మీకే అర్థమవుతుంది. బృందగానంలోనైనా, స్నేహంలోనైనా సూత్రం ఇదే.