యువజన కూటం – నోరు విప్పే చోటు

రాజన్న కోడె మొక్కులకు పేరుపడ్డ మా వేములవాడలో, గుడి ప్రాంగణంలోనే దర్గా కూడా ఉంది. అయినా భక్తి అంటే పెద్దల వ్యవహారమనే అనుకుంటూ పెరిగాన్నేను. మరి పదహారేళ్ళ పిల్లల సంగతి?

ఈ ప్రశ్నకు అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాదిరిగారు 1881 ఫిబ్రవరి 2న ఒక జవాబు చెప్పారు. అదే 'క్రిస్టియన్ ఎండీవర్' యువజన సంఘం. రోజూ ప్రార్థన, బైబిలు పఠనంతోపాటు దాని ప్రమాణంలో ఒక గట్టి షరతుంది: ప్రతి కూటంలో ప్రతి సభ్యుడూ ఏదో ఒకటి చెప్పాలి. పాట పాడితే లెక్కలోకి రాదు! ఒక్క వాక్యమైనా సరే, సొంతంగా పలకాలి. రానివాణ్ణి వెళ్ళి పలకరించడానికి ఒక కమిటీ కూడా ఉండేది.

ఇందులో కిటుకేమిటంటే, పెద్దలు చెబితే అది ఉపదేశం. "నాకూ లెక్కలంటే భయమేరా, ప్రార్థన చేసుకొని కూసుంటున్న" అని తోటివాడంటే అది ధైర్యం. భయం పైకి చెప్పుకుంటే సగమవుతుంది. విశ్వాసం పైకి చెబితే రెట్టింపవుతుంది.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవైమంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వాళ్ళలో ఎందరికి అలా నోరు విప్పే చోటు దొరికిందో!

మిత్రులారా, చర్చి కానీ, భజన మండలి కానీ, మన హాస్టలు గది కానీ – పక్కవాడి వంతు వచ్చేదాకా ఆగుదాం, వాడు చెప్పేది విందాం.